ఇంటర్వ్యూ ముంబైలో, అసలు పని విశాఖలో

సంపాదకుల వారికి నమస్కారం.

పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళేవాళ్ళు మన ఊళ్ళో ఏటా చాలామందే ఉంటారు. వాళ్ళలో ఎక్కువమందికి, వాళ్ళ తల్లిదండ్రులకు ఇంకా ఎక్కువగా, ఒక్కటే బెంగ. ముంబై కాన్సులేట్ కిటికీ దగ్గర ఆఫీసరు ఏం అడుగుతాడో, మనవాళ్ళు ఏం చెబుతారో అని. ఆ బెంగ మీదే ప్రశ్నల జాబితాలు బట్టీ పట్టించే కోచింగులూ నడుస్తున్నాయి. ఈ కాగితాల పనిలో ఉన్నవాళ్ళంగా మేము అనేది వేరు. కిటికీ దగ్గర మాట సాగేది మహా అయితే పది పదిహేను నిమిషాలు. అది సాఫీగా ముగుస్తుందా, కాగితం తక్కువ అంటూ కేసు ఆపే 221(జి) చీటీ చేతికి వస్తుందా అన్నది చాలా కేసుల్లో నెలల ముందే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కౌంటరులో, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో తేలిపోయి ఉంటుంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. “అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అమ్మాయిని తీసుకెళ్తాడు” అనే మాట కింద మూడు దారులున్నాయి. అబ్బాయి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే అమ్మాయికి వచ్చేది హెచ్4. అది తాత్కాలిక వీసా, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అయిపోతుంది. అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంటే ఎఫ్2ఏ. ఆ వీసాలకు ఏటా పరిమితి ఉంది కనుక నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో తమ తేదీ కోసం కాచుకోవాలి. అబ్బాయి సిటిజన్ అయితే ఆ క్యూ లేదు. పెళ్ళయి 2 ఏళ్ళు నిండకపోతే సీఆర్1, నిండితే ఐఆర్1. అమ్మాయి అక్కడ ఉండి అబ్బాయి ఇక్కడ ఉన్నా లెక్క ఇదే. మేము రాస్తున్నది చివరి రెండు దారుల గురించి. వీటి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో జరగదు, ముంబై వెళ్ళాల్సిందే. కేసు నంబరు బీఎంబీ అనే మూడక్షరాలతో మొదలయ్యేది అందుకే.

దారి మొత్తం క్లుప్తంగా ఇదీ. భార్యనో భర్తనో తెచ్చుకుంటామని అక్కడున్నవారు ఐ-130 పిటిషన్ వేస్తారు. 2024 ఏప్రిల్ నుంచి దాని ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. అది అప్రూవ్ అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటరుకు, అంటే అందరూ అనే ఎన్‌వీసీకి, చేరుతుంది. అక్కడ 325, 120 డాలర్ల చొప్పున రెండు ఫీజులు కట్టి, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260 నింపి, కాగితాలన్నీ స్కాన్ చేసి ఎక్కించాలి. అన్నీ సరిపోయాయని మెసేజ్ వచ్చాక ముంబై తేదీ కోసం ఎదురుచూపు. ఎన్‌వీసీ నోటీసు వచ్చాక ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మాత్రం కేసు మూసేసే ప్రమాదం ఉంది. నెలకోసారైనా లాగిన్ అయి చూసుకోవాలి. ఆ లాగిన్ ఈమెయిల్ ఏజెంటుది కాకుండా మీదే అయి ఉండాలి. ఏజెంటుతో మాట తేడా వచ్చిన రోజున సొంత కేసులోకి తామే వెళ్ళలేని స్థితి చాలామందికి వస్తోంది.

ఇక అసలు తలనొప్పి పేర్లతో. మన ఇంటిపేర్ల పద్ధతి అమెరికా ఫారాల గడుల్లో ఇమడదు. ఊహకు ఒక పేరు తీసుకుందాం, పిల్లా వెంకటలక్ష్మి. ఆమె జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీ, ‘ఆడ’ అని మాత్రం ఉంది. పదో తరగతి మెమోలో పి. వెంకటలక్ష్మి. ఆధార్‌లో పిల్లా, వెంకట, లక్ష్మి అని మూడు ముక్కలు. పాస్‌పోర్టులో మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో ఉంది, సర్‌నేమ్ గడి ఖాళీ. పెళ్ళి సర్టిఫికెట్టులో భర్త ఇంటిపేరు వచ్చి చేరింది. ‘లక్ష్మి’కి ఒక కాగితంలో కె, ఎస్, హెచ్ పడితే ఇంకో దాంట్లో ఎక్స్ పడింది. మన కళ్ళకు ఈ అయిదుగురూ ఒక్కరే. ముంబైలో ఫైలు చూసేవారికి అయిదుగురు వేర్వేరు మనుషులు. వీళ్ళందరూ ఒకరేనని నిరూపించాల్సిన బాధ్యత ఆమెది.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో ముందే చెప్పాలి. వీసా మీద ఆమె పేరంతా సర్‌నేమ్ అయిపోతుంది, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దాని అర్థం, అంటే మొదటి పేరు తెలియదని. అదే గ్రీన్‌కార్డు మీదికి, సోషల్ సెక్యూరిటీ కార్డు మీదికి, డ్రైవింగ్ లైసెన్సు మీదికి పాకుతుంది. కన్నవాళ్ళు ముచ్చటపడి వెంకటలక్ష్మి అని పెట్టుకుంటే అక్కడ ఆసుపత్రిలో “ఫ్నూ” అని పిలుస్తారు. మందు ఇక్కడే ఉంది. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఒక గడిలో వచ్చేలా పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టుకోవడం. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000.

ఈ పని అన్నిటికంటే ముందు చెయ్యాలి. ఎందుకంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు, అదే పీసీసీ, మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. పీసీసీ తీసుకున్నాక పాస్‌పోర్టు మార్చారంటే రెండు నంబర్లకూ పొత్తు కుదరదు. కాబట్టి వరస ఇదీ: పాస్‌పోర్టు సరిచేసుకోవడం, దాన్ని చూపించి అదే స్పెల్లింగుతో పెళ్ళి రిజిస్ట్రేషన్, ఆ తరవాతే పీసీసీ. పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించకపోతే వీసా రాదని, ఇంటిపేరు మార్చుకు తీరాలని చెప్పేవాళ్ళ మాట ఒట్టిది. కన్నవారి ఇంటిపేరుతోనే వీసా వస్తుంది. మార్చుకోవాలన్న ఇష్టం ఉంటే అక్కడికి వెళ్ళాక తీరిగ్గా మార్చుకోవచ్చు. కేసు మధ్యలో మార్చడం ఏరు దాటుతుండగా పడవ మారడమే.

జనన ధ్రువపత్రం సంగతి. అందులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రులిద్దరి పేర్లు ఉండాలి. ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనో ప్రైవేటు నర్సింగ్ హోములోనో పుట్టినవాళ్ళ పుట్టుక రిజిస్టరులో ఉంటుంది గానీ పేరు ఉండకపోవడం మామూలే, ఎందుకంటే బారసాల అయ్యాక పేరు చేర్పించడానికి ఎవరూ వెళ్ళరు. నిబంధనల ప్రకారం పేరు చేర్చుకోవడానికి 15 ఏళ్ళ గడువుంది. అది దాటినవాళ్ళు కౌంటరులో అడిగి, కాదంటే ఆ కాదన్న మాటనే కాగితం మీద తీసుకోవాలి. పల్లెలో ఇంట్లో పుట్టి అసలు రిజిస్టరులోకే ఎక్కని వాళ్ళకు రెండు మార్గాలు. ఒకటి, ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు. రెండు, రికార్డు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టు తీసుకుని, దానికి తోడు పదో తరగతి మెమో, పుట్టుక ఎరిగిన పెద్దల అఫిడవిట్లు జతచెయ్యడం. రెండోదానిలో జనం చేసే పొరపాటు ఒక్కటే. అఫిడవిట్లు తెస్తారు, నాన్ అవైలబిలిటీ తీసుకురారు. అసలు కాగితం లేదని ఆఫీసు చెప్పనిదే బదులు కాగితానికి విలువ లేదు. నిన్నగాక మొన్న చేయించిన ఆలస్యపు నమోదుకు కూడా పాత స్కూలు రికార్డు తోడుగా పెట్టుకోవడం మంచిది. పాతికేళ్ళ మనిషికి పోయిన నెల పుట్టిన సర్టిఫికెట్టు చూస్తే ఎవరికైనా అనుమానమే.

పెళ్ళి సర్టిఫికెట్టు దగ్గర తగిలే దెబ్బ సెలవుల లెక్కతో వస్తుంది. అబ్బాయికి దొరికేది మూడు వారాల సెలవు. అందులో పసుపు కొట్టడం దగ్గర్నుంచి సత్యనారాయణ వ్రతం దాకా అన్నీ ఉంటాయి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మాత్రం ఉండదు. సింహాచలం దేవస్థానం రసీదో, అన్నవరం కొండ మీద ఇచ్చిన కాగితమో ఉంది కదా అనుకుంటారు. అవి పెళ్ళి జరిగిందనడానికి సాక్ష్యాలు, అంతే. అమెరికా వాళ్ళు అడిగేది ప్రభుత్వ రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు ఇద్దరూ స్వయంగా రావాలి, ముగ్గురు సాక్షులు రావాలి, శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, వయసు రుజువులు పట్టుకెళ్ళాలి. అబ్బాయి విమానం ఎక్కేశాక ఈ పని మరో సెలవు దాకా వాయిదా. వేరే మతాల వాళ్ళు స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల నోటీసు ఉంటుంది కనుక మూడు వారాల సెలవు ఎటూ చాలదు, ముందు నుంచే ప్లాను ఉండాలి. చర్చి సర్టిఫికెట్టు, నికానామా ఉన్నవాళ్ళు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవడమే మేలని మా సలహా.

సర్టిఫికెట్టులో రెండు తేదీలుంటాయి, పెళ్ళి జరిగిన తేదీ, రిజిస్టర్ అయిన తేదీ. ఫారాలన్నిటిలో రాయాల్సింది తాళి కట్టిన తేదీ. ఒక ఫారంలో ఒకటి, ఇంకో దాంట్లో ఇంకోటి రాసి ఇరుక్కున్న కేసులు కొల్లలు. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉంటే శుభలేఖ మీద 14, సర్టిఫికెట్టు మీద 15 ఉండటం మనకు వింత కాదు. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా ముందు రోజే కదా. ఇలాంటిది ఉంటే అడిగినప్పుడు ఒక్క ముక్కలో చెప్పేలా సిద్ధంగా ఉండాలి. ఏదైనా ఒకే తేదీ అన్ని చోట్లా రాయాలి.

ఇది రెండో పెళ్ళయితే మొదటిదానికి కోర్టు డిక్రీ ధ్రువీకృత నకలు కావాలి. కుల పెద్దల ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు ముంబైలో నిలుస్తాయన్న భరోసాతో అడుగు వెయ్యకండి. అది తేల్చుకోవాల్సింది పిటిషన్ వెయ్యకముందు, వకీలు దగ్గర.

పీసీసీకి 500 రూపాయలు కట్టి పాస్‌పోర్టు సేవా సైటులో దరఖాస్తు పెట్టాలి. పోలీస్ స్టేషన్‌లో రాయించుకున్న కాగితం పనికిరాదు, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిందే కావాలి. 16 ఏళ్ళు దాటాక దుబాయ్‌లోనో కువైట్‌లోనో సింగపూర్‌లోనో ఏడాది, అంతకు పైగా ఉండి వచ్చినవాళ్ళకు ఆ దేశపు పీసీసీ కూడా తప్పదు. అక్కడి నుంచి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఇది ముందుగా మొదలుపెట్టాల్సిన పని. ఇంటర్వ్యూ లెటరు వచ్చాక గుర్తుకొస్తే ప్రయోజనం లేదు.

డీఎస్-260లో మనవాళ్ళు తడబడేది చిరునామాల దగ్గర. 16వ ఏటి నుంచి ఉన్న ప్రతి చిరునామా అడుగుతుంది. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ విజయవాడ హాస్టల్లో ఉన్నవాళ్ళు, ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ కాకినాడలోనో మధురవాడలోనో గదిలో ఉన్నవాళ్ళు, ఉద్యోగానికి బెంగళూరు పీజీలో ఉన్నవాళ్ళు సొంతింటి చిరునామా ఒక్కటే రాసి చేతులు దులుపుకుంటారు. ఆఫీసరు చదువుల కాలమ్ చూసి “ఈ రెండేళ్ళూ ఎక్కడున్నారు” అంటే నోట మాట రాదు. గత 5 ఏళ్ళలో వాడిన సోషల్ మీడియా పేర్లు, వాడిన ఇతర పేర్లు కూడా రాయాలి. పైన చెప్పిన పి. వెంకటలక్ష్మి ‘ఇతర పేర్లు’ గడిలోకే వెళ్తుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలా అన్న ప్రశ్నకు అవును అని పెడితే అక్కడ దిగాక ఆ ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఇంతకు ముందు టూరిస్టు వీసాకో స్టూడెంట్ వీసాకో పెట్టుకుని రిజెక్ట్ అయి ఉంటే దాచకండి. పాత దరఖాస్తు వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది. నిశ్చితార్థం సంగతి, అక్కడున్న బంధువుల సంగతి అప్పుడు ఒకలా, ఇప్పుడు ఒకలా చెబితే అది తప్పుడు సమాచారం కిందికి పోతుంది. దాని శిక్ష జీవితకాలపు నిషేధం దాకా వెళ్తుంది, తీయించుకోవాలంటే వేరే మాఫీ దరఖాస్తు వెయ్యాలి. రిజెక్షన్ ఒప్పుకున్నందుకు వీసా పోదు, దాచినందుకు పోతుంది.

డబ్బు వైపు కాగితం ఐ-864, అంటే వచ్చేవారి పోషణ భారం తమదని అక్కడివారు ఇచ్చే హామీ పత్రం. వాళ్ళ ఆదాయం అమెరికా ప్రభుత్వం గీసిన పేదరిక గీతలో (ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్) 125 శాతానికి తగ్గకూడదు. 2025 లెక్కన ఇద్దరున్న ఇంటికి అది ఏడాదికి 26,437 డాలర్లు, ఏటా మారుతుంది. కుటుంబంలో ఎంతమంది అన్న చోటే తప్పు జరుగుతుంది. తన మీద ఆధారపడ్డవాళ్ళను, ఇంతకు ముందు ఐ-864 పెట్టి తెచ్చుకున్న అమ్మానాన్నలను అబ్బాయి లెక్కలో వదిలేస్తాడు. ఆదాయం చాలకపోతే సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవారో జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు. అయినా అబ్బాయి తన ఐ-864 వెయ్యక తప్పదు. టాక్స్ కాగితాల్లో మరో మెలిక ఉంది. అమెరికా టాక్స్ లెక్కకు డిసెంబరు 31 నాటికి పెళ్ళయిందా లేదా అన్నదే గురుతు. డిసెంబరు మొదటి వారంలో ఇక్కడ తాళి కట్టి, ఏప్రిల్‌లో అక్కడ ‘సింగిల్’ అని రిటర్ను వేసినవాళ్ళు ఉంటారు. ఒక ప్రభుత్వానికి పెళ్ళయిందని, అదే ప్రభుత్వానికి కాలేదని చెప్పినట్టు. ఇంటర్వ్యూకు ముందే ఆ రిటర్ను సవరించుకుని, సవరించిన కాపీ పట్టుకెళ్ళాలి.

మెడికల్స్, అంటే వీసా వైద్య పరీక్షలు, కాన్సులేట్ జాబితాలోని ప్యానెల్ డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. మన ఊళ్ళో ఎంత పెద్ద ఆసుపత్రిలో తీయించిన ఎక్స్‌రే అయినా చెల్లదు. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్ష, టీకాల లెక్క ఉంటాయి. చిన్ననాటి టీకా కార్డు దొరికితే వెంట తీసుకెళ్ళండి, వేసిన టీకాలు మళ్ళీ వేయించుకునే పని తప్పుతుంది. అసలు చిక్కు ఊపిరితిత్తుల్లో మచ్చతో వస్తుంది. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ అయినా సరే, ఎక్స్‌రేలో గీత కనిపిస్తే వరుసగా మూడు రోజులు తెమడ ఇవ్వాలి, దాని కల్చర్ ఫలితానికి 8 వారాల దాకా పడుతుంది. ఇంట్లో ఎవరికైనా పాత క్షయ చరిత్ర ఉంటే మందులు వాడిన రికార్డు వెతికి పెట్టుకోవాలి, మెడికల్స్‌ను ఇంటర్వ్యూ ముందు రోజుకు పెట్టుకోకూడదు. అలాగని మరీ ముందు చేయించినా తంటాయే. మెడికల్ రిపోర్టు మామూలుగా 6 నెలలే చెల్లుతుంది, వీసా గడువు కూడా దానితోనే ముగుస్తుంది. గర్భిణులు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని టీకాలు వాళ్ళకు వెయ్యరు, వెయ్యలేదని రాసిస్తారు, దాని వల్ల వీసా ఆగదు.

ముంబై ప్రయాణానికి విశాఖ నుంచి ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్ కుర్లాలో దింపుతుంది, కాన్సులేట్ ఉన్న బాంద్రా కుర్లా కాంప్లెక్స్ అక్కడికి దగ్గరే. అయితే రైలు ఆలస్యాలకు లోటు లేదు, కనీసం ఒక రోజు ముందు చేరేలా టికెట్ తీసుకోండి. ఫోను, స్మార్ట్‌వాచీ, బ్యాగు లోపలికి రానివ్వరు, హోటల్ గదిలోనే వదిలెయ్యాలి. ఫోనులో చూపిద్దాం అనుకున్న ఫోటోలు, చాట్లు ఆ రోజు ఉన్నట్టా లేనట్టా? అందుకే ప్రింట్లు కావాలి. వీసా ఫోటోలు 2 అంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్ళద్దాలు తీసి.

కొందరు అయిదు కిలోల కరిజ్మా ఆల్బమ్ మోసుకొస్తారు. దాన్ని తెరిచే తీరిక ఆ కిటికీకి లేదు. నిశ్చితార్థం నుంచి అప్పగింతల దాకా, తరవాత అబ్బాయి వచ్చినప్పటివి, రెండు వైపుల పెద్దలూ కనిపించేవి, ఒక పాతిక ఫోటోలు చాలు. వెనక తేదీ, ఊరు, ఫోటోలో ఎవరెవరున్నారో పెన్నుతో రాసి పెట్టుకోండి. డ్రోన్ షాట్ల కంటే వంటింట్లో అత్తగారి పక్కన కూర్చుని తీసుకున్న సెల్ఫీ ఎక్కువ పలుకుతుంది. పెళ్ళి తరవాతి నెలలు కనిపించడం ముఖ్యం. రానుపోను టికెట్లు, పాస్‌పోర్టులో ముద్రలు, నెలకొక రెండు పేజీల చొప్పున చాట్లు, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఇన్సూరెన్సులో నామినీగా భార్య పేరు.

కిటికీ దగ్గర ముందుగా ప్రమాణం చేయించి, వేలిముద్రలు సరిచూసి, మాటల్లోకి దింపుతారు. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎక్కడ కలిశారు, పెళ్ళికి ఎంతమంది వచ్చారు, ఆయన ఏ కంపెనీలో ఏం చేస్తారు, ఇంట్లో ఇంకెవరుంటారు, మొదటి పెళ్ళి ఎందుకు విడిపోయింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు వాళ్ళకు కొత్త కాదు. పెళ్ళిచూపులయిన పదో రోజున పెళ్ళంటే ఎందుకని అడుగుతారు. “సెలవు అంతే ఉంది, ఆషాఢం వచ్చేస్తోంది” అన్నది నిజమైతే అదే చెప్పాలి. బట్టీ పట్టిన జవాబు ఎక్కడ దొరికిపోతుందంటే రెండో ప్రశ్నలో. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని గడగడా చెప్పి, పొద్దున ఎన్నింటికి ఆఫీసుకు వెళ్తారంటే నీళ్ళు నమిలేవాళ్ళు ఉంటారు. దీనికి కోచింగ్ అక్కర్లేదు. ముందు వారం భర్తతో తీరిగ్గా మాట్లాడుకుంటే సరిపోతుంది. తెలియని దానికి తెలియదనే చెప్పండి.

221(జి) చీటీ అంటే చాలాసార్లు ఫలానా కాగితం తక్కువ అన్న మాటే, అదే తుది తిరస్కారం కాదు. ఏం అడిగారో చీటీలో టిక్కు పెట్టి ఉంటుంది, ఏడాదిలోపు ఇవ్వాలి. అడిగిన ఒక్క కాగితం పంపండి. భయంతో అడగని పాతిక కాగితాలు జతచేసి పంపితే వాటిలోంచి ఇంకో ప్రశ్న పుడుతుంది.

వీసా ముద్రపడిన పాస్‌పోర్టు చేతికి రాగానే స్పెల్లింగు, పుట్టిన తేదీ చూసుకోండి. ఆ తరవాత గ్రీన్‌కార్డు కోసం 235 డాలర్ల ఇమ్మిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టాలి, విమానం ఎక్కకముందే కడితే కార్డు త్వరగా వస్తుంది. ఎక్స్‌రే సీడీ ఇచ్చి ఉంటే చెకిన్ పెట్టెలో కాదు, చేతి సంచీలో ఉంచండి. అక్కడ దిగాక పడే ముద్రతో ఆ వీసాయే ఏడాది పాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది. సీఆర్1 వీసా మీద వెళ్ళినా దిగే రోజుకు పెళ్ళయి 2 ఏళ్ళు నిండితే ఇమ్మిగ్రేషన్ ఆఫీసరుకు ఆ మాట చెప్పి ఐఆర్1గా ఎక్కించమని అడగాలి. అడక్కపోతే 2 ఏళ్ళ షరతు కార్డు వస్తుంది, దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 వేసి దంపతులుగానే ఉన్నామని మళ్ళీ నిరూపించాలి. వారం రోజుల తేడాతో ఇంత పని తప్పుతుందంటే టికెట్ తేదీ జరుపుకోవడమే తెలివి.

పురిటికి పుట్టింటికి రావడం మన ఆచారం. గ్రీన్‌కార్డు మీద ఉన్న అమ్మాయి ఇక్కడ 6 నెలలు దాటి ఉంటే తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు. ఎక్కువ కాలం ఉండాల్సి వస్తుందనుకుంటే తిరిగి రావడానికి అనుమతి పత్రమైన రీఎంట్రీ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు వెయ్యాలి, ఇక్కడికి వచ్చాక వెయ్యడం కుదరదు.

ఇక్కడ వదిలి వెళ్ళేవాటిలో బ్యాంకు ఖాతా ఒకటి. మామూలు సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవారి ఖాతాగా, అంటే ఎన్‌ఆర్‌ఓగా, మార్పించాలి, అది విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. సామాను సంగతికొస్తే, ఎకానమీలో ఎక్కువ విమానాలకు 23 కిలోల పెట్టెలు రెండు. కరివేపాకు రెమ్మ కూడా తీసుకెళ్ళకూడదు, చికెన్, మటన్ పచ్చళ్ళూ అంతే. ఆవకాయ గట్టిగా సీలు వేయించి, తినుబండారాలున్నాయని కస్టమ్స్ దగ్గర ఒప్పుకుంటే సరి. ఒప్పుకుంటే పారేయించడంతో పోతుంది, దాస్తే జరిమానా. పెళ్ళి నగలు ఎక్కువ ఉంటే తిరిగి తెచ్చుకునేటప్పుడు చిక్కు రాకుండా ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్టు తీసుకోవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు అమ్మాయి దగ్గరే ఉండాలి, వాటి స్కాన్‌లు మీ దగ్గర ఉండాలి. భర్త కొడితే, తిడితే, వీసా పోగొడతానని బెదిరిస్తే అక్కడి చట్టం ఆమెకు దారి ఇచ్చింది. ఐ-751 ఆయన సంతకం లేకుండా ఒంటరిగా వేసుకునే వీలుంది. అక్కడ పోలీసుల్ని పిలిచే 911 నంబరుకు వీసాతో పని లేదు. ఈ సంగతి పెళ్ళిపందిట్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

చివరగా మన అధికారులకు రెండు మనవులు. జీవీఎంసీ వారు జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉన్న కాపీ ఇచ్చేటప్పుడే, పేరు ఎలా చేర్చుకోవాలో, ఎప్పటిలోగా చేర్చుకోవాలో ఒక చీటీ మీద తెలుగులో అచ్చేసి ఇవ్వాలి. వివాహ రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసుల్లో సర్టిఫికెట్టు తుది ప్రింటు తీసే ముందు ఇంగ్లీషు స్పెల్లింగులు, రెండు తేదీలు, పెళ్ళి జరిగిన చోటు ఉన్న ముసాయిదా ఒకటి దంపతుల చేతికిచ్చి, పాస్‌పోర్టు పక్కన పెట్టి సరిచూసుకోనివ్వాలి. అయిదు నిమిషాల పని అది. తప్పు పడ్డాక దాన్ని సరిచేయించడానికి అబ్బాయి మళ్ళీ విమానం ఎక్కి రావాల్సి వస్తోంది.

ఇట్లు
వీసా పత్రాల పనిలో ఉన్న కొందరం,
విశాఖపట్నం